రంగుల పాఠభేదం: డిజిటల్ చిత్రాలలో వర్ణవ్యత్యాసాల చరిత్ర – నంద్యాల, ఆళ్లగడ్డ శిల్పచిత్రాల నేపథ్యం

వ్యాససంగ్రహం: ఒకే ఛాయాచిత్రం వేర్వేరు తెరలపై వేర్వేరు రంగులలో కనిపించడం శిల్ప, తాళపత్ర పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే సమస్య. రంగును సంఖ్యగా నమోదు చేసేటప్పుడు ఆ సంఖ్యకు అర్థమిచ్చే ఒప్పందం లోపించడమే దీనికి ముఖ్యకారణం. ఆ ఒప్పందం రూపొందిన చరిత్రను, దాని వెలుగులో దోషస్థానాన్ని గుర్తించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వర్ణవ్యత్యాసం, వర్ణప్రొఫైల్, ఫోటోషాప్, ఆళ్లగడ్డ శిల్పం, పాఠభేదం, డిజిటల్ భద్రత.

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు పేరెన్నికగన్న ఊరు. అక్కడి శిల్పులు మలిచే దేవతామూర్తులలో నల్లరాతి విగ్రహాలకు ప్రత్యేకస్థానం ఉంది. ఆ మండలంలోని అహోబిలం, నంద్యాలకు చేరువలోని మహానంది, బనగానపల్లె సమీపంలోని యాగంటి ఆలయాల శిల్పసంపద కూడా దూరప్రాంత పరిశోధకులకు ఎక్కువగా ఛాయాచిత్రాల రూపంలోనే చేరుతుంది. నల్లరాతి విగ్రహం ఒక తెరపై నీలిఛాయతో, మరొక తెరపై గోధుమఛాయతో కనిపిస్తే, రాతి స్వభావాన్ని గురించీ దానిపై మిగిలిన పూతను గురించీ చేసే నిర్ణయం తారుమారు కావచ్చు. అందువల్ల ఇక్కడ రంగు పరిశోధనాధారమవుతుంది. ఆధారానికి ఉండవలసిన విశ్వసనీయత దానికీ ఉండాలి.

2. సమస్య స్వరూపం

తెలుగు పరిశోధకులకు ఇటువంటి సమస్య మరొక రూపంలో పరిచితమే. అను ఖతులలో టైపు చేసిన వ్యాసాన్ని ఆ ఖతులు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలులోని సంఖ్యలు చెక్కుచెదరవు. ఏ సంఖ్య ఏ అక్షరమో తెలిపే ఒప్పందం మాత్రమే అక్కడ ఉండదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి చోటు దక్కడంతో ఆ ఒప్పందానికి సార్వత్రికరూపం ఏర్పడింది.

చిత్రం విషయమూ ఇటువంటిదే. సాధారణ డిజిటల్ చిత్రంలో ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను సూచించే మూడు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. ‘ఎరుపు 200’ అన్నంతమాత్రాన ఎంతటి ఎరుపో తేలదు. ఏ తెర ఎరుపు, ఏ ప్రమాణపు ఎరుపు అన్నది తెలిసినప్పుడే ఆ సంఖ్య సార్థకమవుతుంది.

3. ఒప్పందం రూపొందిన క్రమం

1861లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ మూడు రంగుల వడపోతలతో తీయించిన చిత్రాలను ఒకదానిపై ఒకటి ప్రసరింపజేసి వర్ణచిత్రాన్ని చూపాడు. మూడు పాళ్లతో రంగును పునఃసృష్టించవచ్చునన్న సూత్రానికి అది దృష్టాంతం. 1920లలో రైట్, గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మొత్తం 17 మంది పరిశీలకులతో వేర్వేరుగా చేసిన ప్రయోగాల ఆధారంగా, అంతర్జాతీయ కాంతిసంఘం 1931లో మానవదృష్టికి ప్రమాణపట్టికను నిర్ణయించింది. యంత్రంతో నిమిత్తం లేకుండా రంగును పేర్కొనే వీలు దీనితో కలిగింది.

అయితే 1990లో ఫోటోషాప్ వెలువడినప్పుడు చిత్రంలోని సంఖ్యలు తెర స్వభావానికి కట్టుబడే ఉండేవి. పైగా ఆపిల్ కంప్యూటర్లు 1.8 గామాను, విండోస్ కంప్యూటర్లు సుమారు 2.2 గామాను అనుసరించడం వల్ల, ఒకే చిత్రం మొదటిదానిపై వెలిసినట్లుగా, రెండవదానిపై ముదురుగా కనిపించేది. ఆపిల్ సంస్థ 2009లో 2.2కు మారింది.

1993లో ఎనిమిది సంస్థలు కలిసి అంతర్జాతీయ వర్ణసమితిని స్థాపించాయి. ఏ సంఖ్య ఏ రంగును సూచిస్తుందో తెలిపే వివరపట్టిక, అంటే వర్ణప్రొఫైల్, చిత్రంతోపాటే ప్రయాణించే పద్ధతి ఈ సమితి కృషితో స్థిరపడింది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

1998లో వచ్చిన ఫోటోషాప్ 5 చిత్రపు వర్ణపరిధిని తెర నుంచి వేరుచేసింది. అడోబీ ఆర్‌జీబీ పుట్టుక ఆ సందర్భంలోనిదే. ఒక టెలివిజన్ ప్రమాణపత్రం నుంచి విలువలను ఎత్తిరాసుకోవడంలో పొరపాటు దొర్లినా, ఆ విశాలపరిధి వాడుకరులకు నచ్చడంతో దానినే కొత్తపేరుతో కొనసాగించారు. లేఖకదోషమే స్వీకృతపాఠంగా నిలిచిన సందర్భాలు పరిష్కర్తలకు తెలియనివి కావు. 2000లో వచ్చిన ఫోటోషాప్ 6 ప్రతి చిత్రానికీ దాని సొంత ప్రొఫైల్‌ను పాటించే ఏర్పాటు చేసింది.

4. దోషాన్వేషణ క్రమం

ఈ చరిత్రను గమనిస్తే వర్ణవ్యత్యాసానికి నాలుగు స్థానాలు కనిపిస్తాయి: తెర, ఫైలు, సాఫ్ట్‌వేర్, ముద్రణ.

మొదటిది తెర. బూడిదరంగు బిందువులో మూడు సంఖ్యలూ సమానంగా ఉంటాయి. అటువంటి బిందువులతో నింపిన పలక ఫోటోషాప్‌లో పసుపుగానో నీలంగానో కనిపిస్తే ముందుగా తెర ప్రొఫైల్‌ను అనుమానించాలి. దాని స్థానంలో తాత్కాలికంగా ఎస్‌ఆర్‌జీబీని ఉంచి, ఫోటోషాప్‌ను మళ్లీ తెరిచి చూడవచ్చు. అప్పుడు దోషం తొలగితే పాత ప్రొఫైల్ చెడినదని తేలుతుంది. శాశ్వత పరిష్కారం కొలత పరికరంతో తెరను సరిచేయడమే.

రెండవది ఫైలు. అడోబీ ఆర్‌జీబీలో తీసిన చిత్రాన్ని ప్రొఫైల్ లేకుండా ఎస్‌ఆర్‌జీబీగా చదివితే రంగులు వెలసిపోతాయి. ఇక్కడ ప్రొఫైల్‌ను ఆపాదించడానికీ మార్చడానికీ భేదం పాటించాలి. ఆపాదిస్తే సంఖ్యలు అలాగే ఉండి రూపం మారుతుంది. మారిస్తే రూపం వీలైనంతవరకు నిలిచి సంఖ్యలు మారుతాయి. మొదటిది ప్రతిని సరైన లిపిలో చదవడం, రెండవది దానిని మరొక లిపిలోకి ఎత్తిరాయడం.

మూడవది సాఫ్ట్‌వేర్. ప్రొఫైల్‌ను పట్టించుకోని సాఫ్ట్‌వేర్ సంఖ్యలను నేరుగా తెరకు పంపుతుంది. విశాలపరిధి గల తెరపై అప్పుడు కుంకుమ ఎరుపు మితిమీరి మెరుస్తుంది. ఫోటోషాప్‌లో సరిగా ఉన్న చిత్రం మరొకచోట భిన్నంగా కనిపిస్తే ఈ కారణాన్ని పరిశీలించాలి.

నాలుగవది ముద్రణ. ముద్రణలో వాడే నాలుగు సిరాల పరిధి తెర కంటే అనేక వర్ణాలలో ఇరుకైనది. ప్రకాశవంతమైన కాషాయం, నీలం, ఆకుపచ్చ శుభలేఖపైన కొంత మందగించడం సహజం. దానిని తెర దోషంగా భావించి చిత్రాన్ని దిద్దితే మూలం చెడుతుంది.

5. ముగింపు

సి.పి. బ్రౌన్ కడపలో పండితులచేత తాళపత్రప్రతులను పోల్చి చూపించి పరిష్కృతపాఠాలను సిద్ధం చేయించాడు. ఏ పాఠం ఏ ప్రతిలోనిదో తెలియనిదే అటువంటి పరిష్కరణ సాగదు. డిజిటల్ చిత్రానికి ఆ ‘ప్రతివివరం’ వర్ణప్రొఫైల్. దానిని తొలగించి భద్రపరచిన శిల్పచిత్రం, మూలప్రతి పేర్కొనని పాఠం వంటిది. రాతి రంగు రాతిదో తెరదో తరువాతి పరిశోధకుడు తేల్చుకోలేడు.

కాబట్టి ఆళ్లగడ్డ, అహోబిలం శిల్పాలను నమోదు చేసేవారు విగ్రహం పక్కన బూడిదరంగు ప్రమాణఫలకాన్ని ఉంచి అదే వెలుతురులో కనీసం ఒక చిత్రమైనా తీయాలి. మూలచిత్రాన్ని ప్రొఫైల్‌తో సహా మార్పులేకుండా దాచి, దిద్దుబాట్లను నకలులోనే చేయాలి. ఇతరులకు పంపే ప్రతిని ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ఆ ప్రొఫైల్‌ను జతచేయాలి. విగ్రహపు రంగును ప్రమాణంగా చూపే ప్రతి సిద్ధాంతవ్యాసమూ ఈ వివరాలను పేర్కొనడం అవసరం.