నయా ఖిలా బాగ్: మట్టి కింద దొరికిన నీటి దారి

హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు సాయంత్రమైతే దుర్గం చెరువు తీగల వంతెన చూడటానికి వెళ్తుంటారు. ఆ పేరులోని దుర్గం ఏదని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. అది మన గోల్కొండ ఖిలాయే. కుతుబ్‌షాహీల జమానాలో ఖిలాకు మంచినీళ్లు ఈ చెరువు నుంచే వెళ్లేవి.

ఆ ఖిలాకు ఈశాన్యాన నయా ఖిలా ఉంది. 1656లో ఔరంగజేబు దక్కన్ సుబేదారుగా గోల్కొండ మీదికి ఫౌజు తెచ్చాడు. షాజహాన్ హుకుంతో సులహ్ కుదిరింది. మళ్లీ అటునుంచి తోపులు పేలకూడదని అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టను కలుపుకుని కొత్త గోడ కట్టించాడు. అంతకుముందే అక్కడున్న ముస్తఫా ఖాన్ మస్జిద్, దక్కనీ షాయర్ ముల్లా ఖయాలీ మస్జిద్ ఆ గోడ లోపలికి వచ్చాయి. జనం హతియాన్ కా ఝాడ్ అని పిలుచుకునే ఆఫ్రికా జాతి మహావృక్షం ఇప్పటికీ అక్కడే ఉంది.

అక్కడే ఒక షాహీ బాగ్ కూడా ఉండేది. 2014లో పురావస్తు శాఖ తవ్వితే నీటి కాలువలు, మట్టి గొట్టాలు, ఫౌంటెన్లు, నడక దారులు బయటపడ్డాయి. ఎడమవైపు ఎలా ఉందో కుడివైపూ అలాగే, కొలిచి గీసినట్టున్న తోట. మోటార్లు లేని ఆ రోజుల్లో ఎత్తు నుంచి పల్లానికి దిగే నీటి జోరే ఫౌంటెన్లను ఆడించేది. జన్నత్ అంటే అరబ్బీలో తోట అనే కదా అర్థం!

గోడ మాత్రం ఖిలాను కాపాడలేకపోయింది. 1687లో దాదాపు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలి మనిషే దర్వాజా తెరిచాడు. తానాషా ఖైదీగా దౌలతాబాద్ వెళ్లాడు. ఇరువైపులా కల్మా చదివినవాళ్లే. ఈ బర్బాదీకి పరాయివాళ్ల మీద ఇల్జామ్ వేయలేం. దీన్నుంచి ఇబ్రత్ తీసుకోవాల్సింది మనమే.

సల్తనత్ పోయాక బాగ్‌కు నీళ్లిచ్చే చేతులు కూడా పోయాయి. కాలువలు పూడిపోయాయి, తోట మట్టి కిందికి వెళ్లింది. ఈ రోజు దాని చుట్టూ గోల్ఫ్ మైదానం పరుచుకుంది.

మనం బాలాహిసార్ ఎక్కి ఫొటోలు దిగి ఇంటికొచ్చేస్తాం. ఈసారి పిల్లలకు ముందు దుర్గం చెరువు చూపించండి, తర్వాత నయా ఖిలా. నీళ్లు ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరేవో వాళ్లకు తెలియాలి. ఖిలా సుల్తానులది కావచ్చు, ఆ చెరువు మాత్రం ఇప్పుడు మన చేతుల్లో ఉన్న అమానత్.