పరోక్ష ధూమపానం, బాల్య ఉబ్బసం

ఇతరులు కాల్చే సిగరెట్, బీడీ, చుట్టల పొగను పక్కనున్నవారు పీల్చడమే పరోక్ష ధూమపానం. చిన్నతనంలో ఈ పొగ పీల్చిన పిల్లల్లో పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయి. ఉబ్బసం అప్పటికే ఉంటే ఆయాసం తరచుగా, తీవ్రంగా వస్తుంది. వంశపారంపర్యం, అలర్జీలు, వైరస్ ఇన్‌ఫెక్షన్లు, వాయు కాలుష్యం కూడా ఈ వ్యాధికి దోహదపడతాయి.

ప్రభావం

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. పసిపిల్లలు పెద్దలకంటే వేగంగా ఊపిరి తీస్తారు. శరీర బరువుతో పోలిస్తే వారు పీల్చే గాలీ, దానితోపాటు పొగా ఎక్కువే. వారి శ్వాసనాళాలు సన్నవి కనుక కొద్దిపాటి వాపుకే గాలిదారి ఇరుకవుతుంది. గర్భిణి పొగ తాగితే నికోటిన్ మావి దాటి శిశువును చేరి, ఊపిరితిత్తుల ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

పరిశోధనలు

పరోక్ష ధూమపానంలో సురక్షిత స్థాయి అంటూ లేదని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చింది. 79 అధ్యయనాలను క్రోడీకరించిన 2012 నాటి సమీక్ష ప్రకారం, పుట్టుకకు ముందు గానీ తర్వాత గానీ పొగ సోకిన పిల్లలకు ఉబ్బసం వచ్చే అవకాశం 21 నుంచి 85 శాతం వరకు ఎక్కువ. అత్యధిక ప్రభావం గర్భంతో ఉండగా తల్లి పొగ తాగినప్పుడు, రెండేళ్లలోపు పిల్లల్లో కనిపించింది.

ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో 1961లో పుట్టిన పిల్లలపై 1968లో మొదలైన అధ్యయనం తర్వాతి తరాన్నీ పరిశీలించింది. 15 ఏళ్లలోపు ఇంట్లో పొగ పీల్చిన మగపిల్లలు తండ్రులయ్యాక, వారి సంతానానికి అలర్జీతో సంబంధం లేని ఉబ్బసం వచ్చే అవకాశం 59 శాతం ఎక్కువని 2022లో వెల్లడైంది. ఆ తండ్రులు స్వయంగా పొగ తాగేవారైతే అది 72 శాతం. ఇది గణాంక సంబంధమే; కారణాన్ని రుజువు చేయదు.

నివారణ

స్కాట్లండ్ 2006 మార్చిలో బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని నిషేధించింది. అంతకుముందు ఏటా సుమారు 5 శాతం పెరుగుతూ వచ్చిన పిల్లల ఉబ్బసం ఆసుపత్రి చేరికలు, ఆ తర్వాత ఏటా సుమారు 18 శాతం తగ్గాయి. భారతదేశంలో 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద 2008 అక్టోబర్ 2 నుంచి ఇలాంటి నిషేధం పటిష్ఠమైంది. అయితే ఇళ్లకు అది వర్తించదు: 2016–17 జాతీయ సర్వేలో 38.7 శాతం వయోజనులు ఇంట్లోనే పరోక్ష పొగకు గురవుతున్నట్టు తేలింది. కిటికీలు తెరిచినా, ఫ్యాన్ వేసినా గదిలోని పొగ పూర్తిగా పోదు. ఇంట్లోనూ వాహనంలోనూ ఎవరూ పొగ తాగకపోవడమే పిల్లలకు రక్షణ.