మానేసే హక్కు

అమెరికాలో ఏ గుళ్ళోనో, ఏ పిల్లల పుట్టినరోజు పార్టీలోనో ఇద్దరు తెలుగువాళ్ళు కొత్తగా కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" అనే. అది ఇన్నేళ్ళలో మారలేదు. రెండో ప్రశ్న మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1998లో "ప్రాజెక్టులో ఉన్నారా, బెంచి మీదున్నారా?" అని అడిగేవారు. 2002లో ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడి "అంతా బాగానే ఉందా?" అనేవారు. 2007 తర్వాత "మీ డేట్ ఎంత?" అన్నారు. అంటే పుట్టినతేదీ కాదు, గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డ తేదీ. ఇప్పటి పిల్లలు "లాటరీలో వచ్చిందా?" అంటున్నారు.

వినడానికి వేరువేరుగా ఉన్నా నాకు ఇవన్నీ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి. చేస్తున్న ఉద్యోగం నచ్చకపోతే నువ్వు మానేయగలవా?

ఈ దేశంలో ఉద్యోగాలకి "ఎట్ విల్" అనే సూత్రం ఒకటుంది. ఒక్క మోంటానా రాష్ట్రం తప్పిస్తే దాదాపు అంతటా ఇదే. యజమాని ఏ రోజైనా పొమ్మనొచ్చు, పనిచేసేవాడు ఏ రోజైనా పోవచ్చు. ఎవరూ ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు. రెండువైపులా పదునున్న కత్తి అన్నమాట. వీసా మీద వచ్చినవాడి దగ్గరికొచ్చేసరికి ఆ కత్తికి ఒక అంచు మొద్దుబారిపోయింది. పొమ్మనే హక్కు కంపెనీకి అలాగే ఉంది. పోయే హక్కే మన కాగితాల మధ్య ఇరుక్కుంది. మన సాఫ్ట్‌వేర్ వలస గురించి చెప్పేటప్పుడు జీతాలు, ఇళ్ళు, ఎకరాలు ఎక్కువగా చెప్పుకుంటాం. ఈ మొద్దుబారిన అంచు కథ తక్కువగా చెప్పుకుంటాం.

కథ 1990 నవంబరు 29న మొదలైందనుకోవచ్చు. ఆ రోజు పెద్ద బుష్ సంతకం చేసిన వలస చట్టం పాత హెచ్-1 వీసాని మార్చి హెచ్-1బి చేసింది. పాత వీసాకి "నా ఇల్లు నా దేశంలోనే ఉంది, తిరిగి వెళ్ళిపోతాను" అని నమ్మించాల్సి వచ్చేది. కొత్త చట్టం ఆ షరతు తీసేసింది. ఏడాదికి 65,000 వీసాలు, మనిషికి ఆరేళ్ళు గరిష్ఠం. అదే చట్టం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000 అనీ, ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతం మించకూడదనీ లెక్క పెట్టింది. అంటే ఇండియాకి సుమారు 9,800, అందులో భార్యాపిల్లలతో సహా. 1990లో ఈ అంకె ఎవరికీ చిన్నదిగా కనిపించలేదు. అంతమంది వచ్చేవాళ్ళు అప్పుడు లేరు.

వాళ్ళని తెచ్చింది రెండంకెల సంవత్సరం. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని 72, 85 అని రెండంకెల్లోనే దాచేవారు. ఆ రోజుల్లో కంప్యూటర్‌లో ప్రతి అక్షరం చోటూ ఖరీదే. 2000 రాగానే ఆ 00 అంటే 1900 అనుకుని వడ్డీలూ, పింఛన్లూ, బీమా గడువులూ తారుమారవుతాయని భయం పట్టుకుంది. సరిచేయడానికి కోబాల్ తెలిసినవాళ్ళు వేలల్లో కావాలి. ఇక్కడి కాలేజీలు కోబాల్ చెప్పడం తగ్గించేశాయి. అదే సమయానికి హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల, మేడమెట్ల గోడల నిండా "మెయిన్‌ఫ్రేమ్స్" అన్న బోర్డులు వేలాడాయి. సివిల్, మెకానికల్, ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఎవరైనా సరే, రెండు మూడు నెలల్లో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకుని బయటపడేవారు. నేనూ అలా బయటపడ్డవాణ్ణే. వీసా ఇంటర్వ్యూకి మద్రాసు వెళ్ళాలి. హైదరాబాదులో కాన్సులేట్ తెరిచింది 2008లో. వీసా వస్తే చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు.

1998లో కనెక్టికట్‌లో ఒక బీమా కంపెనీలో నా పని ఏమిటంటే, నాకంటే వయసులో పెద్దవైన ప్రోగ్రాములు చదివి తేదీ ఎక్కడెక్కడ దాక్కుందో పట్టుకోవడం. ఒక్కో ప్రోగ్రామరు తేదీకి ఒక్కో పేరు పెట్టుకుని పోయాడు. కొందరు రిటైరయ్యారు, కొందరు లోకంలోనే లేరు. చాలాచోట్ల నాలుగంకెలు పెట్టే తీరిక లేక, 50 కంటే తక్కువుంటే 2000ల్లో అనీ, ఎక్కువుంటే 1900ల్లో అనీ ఒక షరతు రాసి వదిలేసేవాళ్ళం. రాత్రిళ్ళు టెస్టు మెషీన్ మీద తేదీని 1999 డిసెంబరు 31కి తిప్పి, అర్ధరాత్రి దాటించి, ఏం విరుగుతుందో చూసేవాళ్ళం. అసలు అర్ధరాత్రి వచ్చేసరికి పెద్దగా ఏమీ విరగలేదు. దాంతో ఇదంతా ఉత్త హడావిడి అన్నారు. పైకప్పు బాగుచేయించాక ఇల్లు కురవకపోతే, మేస్త్రీకి డబ్బులు దండగ అన్నట్టు.

నేను పనిచేసింది బీమా కంపెనీలోనే కానీ నా ఉద్యోగం అక్కడ కాదు. వీసా ఇచ్చింది కన్సల్టెన్సీ. బీమా కంపెనీకీ కన్సల్టెన్సీకీ మధ్యలో ఇంకో వెండరు. క్లయింటు ఇచ్చే గంట రేటు ఒక్కో మెట్టు దిగుతూ కరుగుతూ నా దాకా వచ్చేది. ప్రాజెక్టు లేనప్పుడు న్యూజెర్సీలో గెస్ట్ హౌస్. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటులో ఏడెనిమిదిమంది, వంతులవారీగా వంట, ఫోను మోగితే అందరూ లేవడం. దీన్నే బెంచి అనేవాళ్ళం. షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మనవాళ్ళ మధ్య తిరిగి, 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని ఒక పుస్తకమే రాశాడు. మన కట్నాలకీ, ఈ బెంచికీ, సిలికాన్ వ్యాలీకీ ఉన్న లంకె అందులో చూపించాడు.

ఇక్కడ నాకు బర్మా గుర్తొస్తుంది. వందేళ్ళ కిందట కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూను వెళ్ళిన మనవాళ్ళు మేస్త్రీ దగ్గర ముందు అడ్వాన్సు తీసుకునేవారు. ఓడ టిక్కెట్టు అందులోంచే. రంగూను రేవులోనో బియ్యం మిల్లులోనో పని, కూలి మేస్త్రీ చేతిలోంచి, అప్పు తీరేదాకా మేస్త్రీని వదిలి వెళ్ళడానికి లేదు. మా జీవితాలు వాళ్ళ జీవితాలతో పోల్చదగ్గవి కావు. మాకు ఏసీ గదులు, బ్యాంకు ఖాతా, వారాంతాల్లో నయాగరా. కానీ పనివాడికీ పనికీ మధ్య ఒక దళారీ ఉండి, విడిచిపెట్టే తాళంచెవి అతని జేబులో ఉండడమన్న ఏర్పాటు మాత్రం మన కోస్తాకి కొత్తది కాదు.

ఆ తాళంచెవి ఎలా పనిచేసేదంటే, 1990ల్లో కంపెనీ మారాలంటే కొత్త కంపెనీ వేసిన దరఖాస్తు మంజూరయ్యేదాకా అక్కడ చేరకూడదు. ఆ నెలలన్నీ పాత కంపెనీకి తెలియకుండా గడపాలి. తెలిస్తే వీసా రద్దు చేయిస్తారని భయం. మధ్యలో మానేస్తే ఇన్నివేల డాలర్లు కట్టాలని బాండు. 1998 చట్టం కోటాని 1,15,000కి పెంచుతూ రెండు మంచి పనులు చేసింది. బెంచి మీదున్నా జీతం ఇవ్వాలంది, ముందే మానేసినందుకు జరిమానా వేయకూడదంది. అయితే "నష్టపరిహారం" వసూలు చేసుకోవచ్చంది. జరిమానాకీ నష్టపరిహారానికీ తేడా తెలుసుకోడానికి లాయరు కావాలి. లాయరుకి డబ్బు కావాలి.

అసలైన మార్పు 2000 అక్టోబరు 17న వచ్చింది. సెనేట్‌లో 96-1 ఓట్లతో గెలిచిన బిల్లు మీద క్లింటన్ సంతకం పెట్టాడు. కోటా మూడేళ్ళపాటు 1,95,000 అయింది. పత్రికలు ఆ అంకె గురించే రాశాయి. మాకు కావలసిన వాక్యం లోపలెక్కడో ఉంది. కొత్త కంపెనీ దరఖాస్తు వేసిన రోజు నుంచే అక్కడ పని మొదలెట్టొచ్చు. నెలల దొంగాట ఒక్క రోజుకి కుదించుకుపోయింది. గెస్ట్ హౌసుల్లో ఆ వారం జరిగినంత సంబరం నేను ఏ సంక్రాంతికీ చూడలేదు.

విచిత్రమేమిటంటే, మారే హక్కు చేతికొచ్చేసరికి మారడానికి ఉద్యోగాలు లేవు. నాస్‌డాక్ 2000 మార్చిలోనే శిఖరం నుంచి జారడం మొదలైంది. తర్వాత 2001 సెప్టెంబరు 11. నా ఉద్యోగం ఆ నవంబరులో పోయింది. అప్పట్లో ఉద్యోగం పోయినవాడికి గడువంటూ చట్టంలో రాసిలేదు. ఉద్యోగం ఆగిన రోజే ఇక్కడ ఉండే హక్కూ ఆగినట్టు. పంతొమ్మిది రోజులు తిరిగాను. ఒక స్నేహితుడి మాటసాయంతో వేరే కంపెనీలో చేరాను. నాతో గెస్ట్ హౌస్‌లో ఉన్నవాళ్ళలో ముగ్గురు తిరిగి వెళ్ళారు. ముగ్గురూ హైటెక్ సిటీలో కుదురుకున్నారు.

చేరిన కంపెనీ 2002 మార్చిలో నా గ్రీన్ కార్డు పని మొదలెట్టింది. మొదటి మెట్టు లేబర్ సర్టిఫికేషన్. ఈ పనికి అమెరికన్ దొరకలేదని కార్మికశాఖ ఒప్పుకోవాలి. దేశమంతా దరఖాస్తులు పేరుకుపోతే, 2004 తర్వాత వాటిని ఫిలడెల్ఫియాకీ డాలస్‌కీ తరలించారు. నాది ఫిలడెల్ఫియాలో ఒక అట్టపెట్టెలో కూర్చుంది. ఆరేళ్ళ వీసా అయిపోయాక ఏడాదికోసారి పొడిగింపు, దాంతో ఏడాదికోసారి డ్రైవింగ్ లైసెన్సు.

2005లో నన్ను మేనేజరుగా చేస్తామన్నారు. లాయరు వద్దన్నాడు. దరఖాస్తు ప్రోగ్రామర్ ఎనలిస్టు పనికి వేసింది. పని మారితే మళ్ళీ మొదటినుంచి వేయాలి, 2002 నాటి తేదీ పోతుంది. అలా కంపెనీ మారడమే కాదు, ఉన్న కంపెనీలో కుర్చీ మారడం కూడా నాకు కుదరలేదు. నేను కోడు నేర్పిన కుర్రాడు నాకు మేనేజరయ్యాడు. మంచివాడే. మా ఆవిడ ఎమ్మెస్సీ చదివి ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉంది. హెచ్-4 వీసాకి పనిచేసే అనుమతి లేదు. ఆ వీసా మీదున్న కొందరికి అది దొరికింది 2015 మేలో. అప్పటికి మాకు దాని అవసరం తీరింది.

అది తీరింది 2007 జూలైలో. ఆ నెల వీసా బులెటిన్‌లో ఉద్యోగాల కోటా దాదాపు అన్ని వర్గాలకీ తెరుచుకుందని రాశారు. ఏ తేదీవాళ్ళైనా ఆఖరి మెట్టు ఐ-485 వేసుకోవచ్చు. జనం ఉద్యోగాలకి సెలవు పెట్టి వైద్యపరీక్షలకీ, ఫొటోలకీ పరిగెత్తారు. తీరా జూలై 2న "నంబర్లు అయిపోయాయి, తీసుకోం" అన్నారు. అప్పుడు మనవాళ్ళు ముందుగా ధర్నాకి దిగలేదు. అంతకు ముందు ఏడాదే 'లగే రహో మున్నాభాయ్' సినిమా వచ్చింది. ఆ దారిలో జూలై 10న వలసశాఖ డైరెక్టరు ఎమీలియో గొంజాలెజ్ ఆఫీసుకి వందలకొద్దీ పూలగుత్తులు పంపించారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్, బెథెస్డా ఆసుపత్రుల్లో ఉన్న గాయపడ్డ సైనికులకి పంపించాడు. జూలై 17న శాఖ మాట మార్చుకుని, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంది. పూలవల్లే మారిందనను. కోర్టు కేసులూ, కాంగ్రెస్ ఒత్తిడీ ఉన్నాయి. కానీ ఈ చరిత్ర మొత్తంలో మనం కలిసికట్టుగా నోరు విప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇది మొదట చెప్పుకోదగ్గది.

ఆ దరఖాస్తుతో మా ఆవిడకి పని అనుమతి వచ్చింది. ఆ శీతాకాలంలోనే ఒక కమ్యూనిటీ కాలేజీ ప్రయోగశాలలో చేరింది. నాకు 180 రోజులు నిండాక, అదే తరహా పనైతే వేరే కంపెనీకి మారే వీలొచ్చింది. అప్పటికి 2008 వచ్చేసింది. సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ మునిగింది. మళ్ళీ కదల్లేదు.

కార్డు 2011 వేసవిలో వచ్చింది. మర్నాడే మానేస్తాననుకున్నాను. మానలేదు, మరో మూడేళ్ళు అక్కడే చేశాను. మారిందల్లా మీటింగుల్లో నా గొంతు. "ఈ గడువుకి ఇది అవదు" అని చెప్పడం మొదలెట్టాను. శనివారం రమ్మంటే ఎందుకని అడిగాను. ఆకాశం విరిగిపడలేదు. మానేయగలనని తెలిశాక మానేయాల్సిన అవసరం సగం తగ్గిపోయింది. పదమూడేళ్ళలో నేను కోల్పోయింది జీతం అనుకునేవాణ్ణి. జీతం కొంతే, ఎక్కువ పోయింది ఆ గొంతు.

ఆ తర్వాత కత్తికి ఇంకొంచెం సాన పట్టారు. 2017 జనవరిలో ఉద్యోగం పోయినవాళ్ళకి 60 రోజుల దాకా గడువు వచ్చింది. 2022, 2023ల్లో పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు మన ఇళ్ళల్లో కేలండర్ మీద గీతలు పెట్టింది ఈ 60 రోజులకే. గీతలు పెట్టడానికైనా రోజులున్నాయి కదా అని 2001 చూసినవాళ్ళం అనుకుంటాం. పెట్టేవాళ్ళకి ఆ ఓదార్పు పనికిరాదు. పిల్లల బడి, ఇంటి వాయిదా, పదేళ్ళ కాపరం అరవైలో సర్దాలి.

వరస మాత్రం పొడుగవుతూనే ఉంది. 2023 మార్చిలో 85,000 వీసాల లాటరీకి ఏడున్నర లక్షలకు పైగా పేర్లు పడ్డాయి. వాటిలో సగానికి పైగా, ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవి. 2025 సెప్టెంబరులో, బయట దేశాల నుంచి కొత్తగా రప్పించే ఒక్కో హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు. ఇండియాకి ఆ 7 శాతం మాత్రం 1990 నాటిదే. ఇవాళ చివర నిలబడ్డ కుర్రాడికి తన వంతు ఎప్పుడొస్తుందో ఏ లాయరూ చెప్పలేడు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను జీతం గురించీ, షేర్ల గురించీ అడుగుతుంటారు. నాకు తెలిసింది చెప్తాను. చివర్లో నేనూ ఒకటి అడుగుతాను. నీ ఐ-140 మంజూరైందా, ఆ నోటీసు కాపీ నీ దగ్గరుందా అని. అది మంజూరై 180 రోజులు దాటితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా మామూలుగా నీ తేదీ నీదే. మేనేజరుతో ఎలా మాట్లాడాలో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వంద చెప్తాయి. నన్నడిగితే ముందు ఆ కాగితం సొరుగులో ఉందో లేదో చూసుకోమంటాను.