బయోస్: మారని రాత నుంచి తిరగరాత వరకు

మదర్‌బోర్డు తయారై అంగడికి వచ్చిన తరువాత పుట్టిన ప్రాసెసర్‌ను ఆ బోర్డు గుర్తించి పనిచేయించాలంటే, బోర్డుపై ఉన్న ఒక చిన్న చిప్‌లోని ప్రోగ్రామును మార్చవలసి ఉంటుంది. మీట నొక్కగానే, విండోస్ గాని లినక్స్ గాని మొదలుకాకముందే, ప్రాసెసర్‌నూ మెమరీనీ డిస్కులనూ సిద్ధంచేసే ఈ ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అనీ, వాడుకలో బయోస్ అనీ అంటారు. ఎర్రగట్టుగుట్ట వద్ద 1980లో వెలసిన కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్, అనంతసాగర్‌లోని ఎస్సార్ విశ్వవిద్యాలయం ఉన్న హసన్‌పర్తి మండలంలో అద్దెగదిలో ఉండి ఇంజినీరింగ్ చదివే విద్యార్థికి, బోర్డును అలాగే ఉంచి ప్రాసెసర్‌ను మాత్రం మార్చుకుంటే మిగిలే డబ్బు తక్కువేమీ కాదు. ఆ వెసులుబాటు సమకూరడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

1970వ దశకం నడుమ గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టంలో, యంత్రాన్నిబట్టి మారే భాగాన్ని విడదీసి దానికి బయోస్ అని పేరు పెట్టాడు. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో ఆ పేరుగల ప్రోగ్రాము 8 కిలోబైట్ల పరిమాణంలో రోమ్ చిప్‌లో, అంటే చదవడానికే తప్ప తిరగరాయడానికి వీలుకాని చిప్‌లో, కర్మాగారంలోనే ముద్రితమై వచ్చింది. ఏడాది తిరిగేసరికే దాని పరిమితి బయటపడింది. తొలి బోర్డుల్లోని బయోస్‌కు, హార్డ్‌డిస్కు కార్డు వంటి విస్తరణ కార్డులపై ఉండే రోమ్‌లను వెతికి నడిపే ఏర్పాటు లేకపోవడంవల్ల హార్డ్‌డిస్కు నుంచి కంప్యూటర్‌ను మొదలుపెట్టడం సాధ్యం కాలేదు. 1982 అక్టోబరు 27 తేదీ గల కొత్త బయోస్‌లో ఈ లోపం తీరింది. అయితే అది కావాలన్నవారు సాకెట్ నుంచి పాత చిప్‌ను పెకలించి కొత్తది అమర్చుకోవలసి వచ్చింది. కొత్త పరికరం కోసం పాత బోర్డు ఫర్మ్‌వేర్‌ను మార్చే పద్ధతికి పర్సనల్ కంప్యూటర్ల చరిత్రలో ఇదే తొలి దశ అనవచ్చు.

చెరిపి రాయగల చిప్‌లు అప్పటికే లేకపోలేదు. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లో రూపొందించిన ఈప్రోమ్ చిప్ నెత్తిన చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉండేది. దాని గుండా అతినీలలోహిత కాంతిని కొన్ని నిమిషాలపాటు ప్రసరింపజేస్తే లోపలి రాత చెరిగిపోయేది. చిప్‌ను బోర్డు నుంచి తీయకుండానే, విద్యుత్తుతోనే చెరిపి రాసే ఫ్లాష్ మెమరీని తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో లోకానికి వెల్లడించగా, 1990వ దశకంలో అది మదర్‌బోర్డుల్లోకి చేరింది. రాయడం సులువైనకొద్దీ పాడుచేయడమూ సులువైంది: తైవాన్‌కు చెందిన చెన్ ఇంగ్-హావ్ సృష్టించిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న అనేక కంప్యూటర్లలో బయోస్‌ను చెరిపివేసి బోర్డులనే పనికిరాకుండా చేసింది.

సాకెట్‌లో సరిగ్గా ఇమిడినంత మాత్రాన ప్రాసెసర్ ఎందుకు పనిచేయదన్న సందేహానికి సమాధానం బయోస్ చేసే పనిలోనే ఉంది. ప్రాసెసర్ తన గుర్తింపు సంఖ్యను తెలిపినప్పుడు దానికి తగిన వోల్టేజీని, వేగాన్ని నిర్ణయించడం, మెమరీతో లయ కుదర్చడం బయోస్ బాధ్యతలు. వీటికితోడు మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ఆదేశాల అమలును నిర్దేశించే సూక్ష్మ ప్రోగ్రాము, కూడా ఉంది. 1994లో పెంటియం భాగహారాల్లో తప్పు బయటపడి, చిప్‌లను మార్చి ఇచ్చేందుకు ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు లెక్కగట్టవలసి వచ్చింది. 1995లో వచ్చిన పెంటియం ప్రోలో మైక్రోకోడ్‌ను బయటి నుంచి సవరించే వీలు కల్పించారు. ఆ సవరణ ప్రాసెసర్‌లో శాశ్వతంగా నిలవదు కనుక మీట నొక్కిన ప్రతిసారీ బయోస్ దానిని మళ్ళీ ఎక్కించాలి. ఏఎండీ తన ప్రాసెసర్ల ప్రారంభ ప్రోగ్రాములను అగీసా అనే పొదిగా బోర్డు తయారీదార్లకు ఇస్తుంది. వారు దానిని తమ బయోస్‌లో కలిపి విడుదల చేస్తారు.

ఈ పద్ధతి బలమూ బలహీనతా స్పష్టంగా కనిపించినది ఏఎండీ ఏఎం4 సాకెట్ విషయంలోనే. 2017లో తొలి రైజెన్ ప్రాసెసర్లతో ప్రాచుర్యం పొందిన ఈ సాకెట్‌కే తరువాతి తరాలూ వస్తుండగా, చాలా బోర్డుల్లోని 16 మెగాబైట్ల ఫ్లాష్ చిప్‌లో అన్ని ప్రాసెసర్ల వివరాలూ పట్టని స్థితి ఏర్పడింది. కొందరు తయారీదార్లు బొమ్మలతో నిండిన సెట్టింగుల తెరలను సాదా చేసి, మరికొందరు పాత ప్రాసెసర్ల వివరాలను తొలగించి చోటు చేశారు. రానున్న తరం 400 వరుస బోర్డులపై నడవదని 2020 మే నెలలో ప్రకటించిన ఏఎండీ, కొనుగోలుదార్ల అభ్యంతరంతో అదే నెలలో వెనక్కి తగ్గింది. ఆ అభ్యంతరం ముమ్మాటికీ న్యాయమైనది. సాకెట్ దీర్ఘకాలం నిలుస్తుందన్న భరోసాతోనే చాలామంది ఆ బోర్డులను కొన్నారు.

మరొక చిక్కు ఇంతకంటే మొండిది. కొత్త ప్రాసెసర్ నడవాలంటే బయోస్ మార్చాలి, బయోస్ మార్చాలంటే నడిచే ప్రాసెసర్ ఉండాలి. ఈ కారణంగా 2018లో ఏఎండీ కొనుగోలుదార్లకు పాత ప్రాసెసర్లను ఎరువు ఇచ్చింది. అటువంటి సదుపాయం అందనివారు హసన్‌పర్తిలో ఉంటే హనుమకొండ దుకాణాలనో, అక్కడా దొరకకపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌నో ఆశ్రయించవలసిందే. కొన్ని బోర్డుల్లో ఉండే ఫ్లాష్‌బ్యాక్ సదుపాయం ఈ ముడిని విప్పింది: ప్రాసెసర్, మెమరీ లేకున్నా, పవర్ సప్లై తగిలించి, సరైన ఫైలున్న పెన్‌డ్రైవ్‌ను నిర్ణీత పోర్టులో ఉంచి ఫ్లాష్‌బ్యాక్ మీట నొక్కితే బోర్డుపై ఉన్న వేరొక చిన్న చిప్ బయోస్‌ను తిరగరాస్తుంది. ఈ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే రాత సగంలో ఆగి బోర్డు మొదలుకాకపోవచ్చు కనుక, కంప్యూటర్‌ను యూపీఎస్‌కు తగిలించాకే పని మొదలుపెట్టాలి. అలా ఆగిపోయినా ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బోర్డుపై మళ్ళీ ప్రయత్నించవచ్చు; లేనిదానిపై ప్రోగ్రామర్ అనే చౌక పరికరంతో చిప్‌లోకి నేరుగా రాయించుకోవచ్చు.

2022లో ఏఎండీ, 2020 నాటి వివాదానికి కారణమైన రైజెన్ 5000 తరాన్ని, ఇంకా పాతవైన 300 వరుస బోర్డులకూ అనుమతించింది. దానితో 2017లో కొన్న బోర్డు, తయారీదారు తగిన బయోస్ విడుదల చేసిన పక్షంలో, 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని నడపగల స్థితికి చేరింది.