పోరుమామిళ్ల చెరువు

కడప జిల్లా బద్వేలు ప్రాంతంలోని పాతకాలపు పెద్ద చెరువు. ఈ ప్రాంతం ఎండసీమ. ఇక్కడ కొండల మధ్య వాననీటిని మనిషే ఆపుకోవాలి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అంటే భవదూరుడు, ఉదయగిరి నుంచి పాలిస్తూ దీన్ని కట్టించాడు. శాసనంలో దీని పేరు అనంతరాజసాగరం. సహజమైన గుట్టలనే కట్టలో కలుపుకొని, వాటి నడుమ మట్టికట్టలు పోసి, రాతి పలకలు పరిచారు.

1369 నాటి సంస్కృత శాసనమే దీని అసలు సంపద. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి ఏరు, దగ్గర్లో రాతిగని ఉండాలి. కట్ట ఊటెత్తడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు దోషాలు. నీరు చాలక ఆయకట్టు ఎక్కువైనా దోషమే, ఆయకట్టు తక్కువై నీరు మిగిలినా దోషమే. ఆరున్నర శతాబ్దాల కిందటే ఇంత నిక్కచ్చిగా రాతిలో చెక్కించడం అబ్బురం.

బద్వేలు నుంచీ మైదుకూరు నుంచీ పోరుమామిళ్లకు రోడ్డు ఉంది.