హుసేన్ ఖాన్: సికింద్రాబాదు చరిత్రలో ఒక సామాన్యుడు

చరిత్ర రచనలో సామాన్య మానవునికి స్థానమెక్కడ? 1982 నుండి వెలువడిన ‘సబాల్టర్న్ స్టడీస్’ సంపుటాలు ఈ ప్రశ్నను భారత చరిత్రకారుల ముందు గట్టిగా ఉంచాయి. సికింద్రాబాదువారు దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. 1897 ఆగస్టులో బేగంపేటలో దోమలచేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగిని పరిశీలిస్తే చాలు.

1798 నాటి సైన్య సహకార ఒప్పందం ఫలితంగా ఆంగ్లేయుల పటాలాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 1806లో ఈ స్థలానికి నిజాం సికందర్ జా పేరు వచ్చింది. హుసేన్ ఖాన్ నాటికి హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలిస్తున్నాడు, కంటోన్మెంటులో ఆంగ్లేయుల మాట చెల్లుతున్నది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలగా, మరుసటి సంవత్సరమే అంటువ్యాధుల చట్టం వచ్చింది. చలిజ్వరం మాత్రం చెడుగాలి వల్ల వస్తుందని తరతరాల నమ్మకం. మలేరియా అనే ఇటాలియను మాటకు అర్థం కూడా అదే.

సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. 1895లో, దోమలు చచ్చిన నీరు త్రాగితే జ్వరం వస్తుందేమోనని లచ్‌మన్ అనే యువకునిచేత ఆ నీరు త్రాగించాడు. ఆరోగ్యవంతుడైన మనిషిని అలా వాడుకోవడం ఈనాటి మన మనస్సాక్షికి రుచించదు. హుసేన్ ఖాన్ సంగతి కొంత వేరు. అతడు అప్పటికే రోగి, రక్తంలో నెలవంక ఆకారపు పరాన్నజీవులున్నాయి. దోమలు లార్వాల నుండి పెంచినవి గనుక వాటి కాటుతో అతనికి కొత్త జబ్బు రాదు. ఆగస్టు 16న అతడు తెరలోపల పడుకుని వాటిచేత కుట్టించుకున్నాడు. కూలి, దోమకు ఒక అణా.

ఆగస్టు 20న ముప్పై ఎనిమిదవ దోమను కోసినప్పుడు దాని కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు రాస్‌కు కనబడ్డాయి. మరునాడు ముప్పై తొమ్మిదవ దోమలో అవి మరింత పెద్దవిగా కనిపించాయి. మనిషి నుండి దోమలో చేరిన క్రిమి అక్కడ పెరుగుతున్నదని తేలింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసినది ఒకటుంది. హుసేన్ ఖాన్ పేరు మనకు దక్కింది అతని జీవితం గురించి ఎవరో అడిగినందుకు కాదు, అతని రక్తం అవసరమైనందుకు. మన సంఘాల పాత బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగేసేవారికి ఈ అనుభవం కొత్త కాదు. ఒక పేరు, ఒక తేదీ, అంతే. అయినా ఆ ఒక్క పంక్తి లేకపోతే ఆ మనిషి పూర్తిగా మరుగైపోయి ఉండేవాడు. అందుచేత గుమాస్తా రాతలను చులకనగా చూడరాదని నా అభిప్రాయం.

సెప్టెంబరులో రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి మిగిలిన చక్రాన్ని పూర్తిచేశాడు, 1902లో నోబెల్ బహుమతి పొందాడు. బేగంపేట భవనానికి అతని పేరే పెట్టారు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన అతని వ్యాసం శీర్షికలో ‘రెండు దోమలు’ అని ఉంది. వాటికి రక్తమిచ్చిన మనిషి పేరు ఆ శీర్షికలో లేదు.