ముప్ఫై షిల్లింగుల కాగితం

1851 జులై 1న న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపడి విక్టోరియా వేరే వలస రాజ్యమైంది. రెండు నెలలు తిరక్కముందే బల్లరాట్‌లో బంగారం బయటపడింది. మెల్‌బోర్న్‌లో గుమాస్తాలు, రేవులో నావికులు, చివరికి పోలీసులు కూడా కొలువులు వదిలి పార భుజాన వేసుకుని బయల్దేరారు.

ఆంగ్ల చట్టం ప్రకారం భూమిలోని బంగారం రాణిది. కాబట్టి తవ్వాలంటే అనుమతి కావాలి. లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ జోసెఫ్ లట్రోబ్ సెప్టెంబర్ 1 నుంచి నెలకు 30 షిల్లింగుల లైసెన్సు పెట్టాడు. బంగారం పడ్డా, పడకపోయినా కట్టాల్సిందే. పంట చేతికి రాకముందే శిస్తు అన్నమాట. ఖజానా నింపడంతో పాటు, కూలీలు పొలాలూ గొర్రెల మందలూ వదిలిపోకుండా ఆపడం కూడా ఆయన ఉద్దేశం. డబ్బు రావాలంటే తవ్వేవాళ్లు పెరగాలి, కూలీలు మిగలాలంటే తగ్గాలి. ఒకే రుసుముతో ఈ రెండూ ఎలా సాధ్యం? డిసెంబర్‌లో దాన్ని 3 పౌండ్లకు పెంచబోతే ఫారెస్ట్ క్రీక్‌లో వేలమంది గుమిగూడారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

లైసెన్సు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి. బల్లరాట్ గుంటల్లో కొన్ని వంద అడుగులు దాటాయి. అడుగున బురదనీళ్లలో నిలబడి తవ్వేవాడు, పైన పోలీసు కేకేస్తే తాడు పట్టుకుని ఎక్కి వచ్చి కాగితం చూపాలి. తడుస్తుందని డేరాలో కోటు జేబులో పెట్టి వస్తే జరిమానా తప్పదు. పోలీసులు కనబడగానే గుంట నుంచి గుంటకు ‘జో! జో!’ అని హెచ్చరిక పాకేది. ఆ జో ఎవరో కాదు, లట్రోబే.

ఎగుమతయ్యే బంగారం మీద రేవులో సుంకం వేస్తే ఈ వేటే అక్కర్లేదు. 1853లో లట్రోబ్ ఆ మాటన్నాడు గానీ సాగలేదు. మరుసటి ఏడాది జూన్‌లో లట్రోబ్ స్థానంలో వచ్చిన చార్లెస్ హోథమ్ నౌకాదళపు మనిషి. ఖజానాలో పది లక్షల పౌండ్లకు పైగా లోటు చూసి, వారానికి రెండుసార్లు లైసెన్సులు తనిఖీ చేయమన్నాడు. లెక్క ప్రకారం అది వసూలు, గనుల దగ్గర మాత్రం వేట. దాంతో తిరగబడిన తవ్వకందార్లు బల్లరాట్‌లోని యురేకా దగ్గర కట్టుకున్న కంచె మీద డిసెంబర్ 3 తెల్లవారుజామున సైన్యం దాడి చేసింది. ఇరవై మందికి పైగా తవ్వకందార్లు, కొందరు సైనికులు చనిపోయారు. రాజద్రోహం కింద విచారించిన 13 మందినీ జ్యూరీలు నిర్దోషులుగా వదిలేశాయి.

1855లో లైసెన్సు రద్దయింది. దాని స్థానంలో ఏడాదికి ఒక పౌండు ‘మైనర్స్ రైట్’ వచ్చింది, దాంతోపాటు ఓటూ వచ్చింది. ఔన్సు బంగారం మీద రెండున్నర షిల్లింగుల ఎగుమతి సుంకం పడింది. మనిషి మీద పన్ను పోయి సరుకు మీద పన్ను వచ్చిందని సంతోషించవచ్చు. కానీ అదే ఏడాది అదే ప్రభుత్వం, ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల తలపన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి ఓడలు వాళ్లను పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దించేవి. అక్కణ్నుంచి విక్టోరియా గనులకు వేలమంది కావడి భుజాన వేసుకుని వందల కిలోమీటర్లు నడిచే వెళ్లారు.